టీకా సమర్థత: శాతంతోపాటు సంఖ్యలూ ఇవ్వండి

సంపాదకులకు,

కొత్త టీకాల ప్రయోగ ఫలితాలను ప్రచురించేటప్పుడు మన పత్రికలు 'సమర్థత ఇంత శాతం' అని రాసి వదిలేయడం వల్ల పాఠకులు ఆ అంకెను పూర్తిగా వేరే అర్థంలో తీసుకుంటున్నారు. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్ సమర్థత 77.8 శాతమని 2021లో ప్రకటించినప్పుడు, వంద మంది వేయించుకుంటే 78 మందికే రక్షణ, మిగిలిన 22 మందికి కొవిడ్ తప్పదని చదువుకున్నవారు సైతం చెప్పుకోవడం విన్నాను. ఆ భయంతో టీకాకు వెనుకాడినవారూ ఉన్నారు.

నిజానికి ఆ శాతం రెండు బృందాల మధ్య పోలిక. మూడో దశ ప్రయోగంలో 25,798 మంది పాల్గొన్నారు. ఎవరికి ఏది ఇస్తున్నదీ వారికి గాని, వైద్యులకు గాని తెలియకుండా సగం మందికి అసలు టీకా, మిగతా సగానికి టీకా పదార్థం లేని సూదిమందు వేశారు. సమర్థత లెక్కకు తీసుకున్న వారిలో ఒక్కో వైపు దాదాపు 8,500 మంది ఉండగా, లక్షణాలతో కూడిన కొవిడ్ టీకా పొందిన వారిలో 24 మందికి, పొందని వారిలో 106 మందికి వచ్చింది. అంటే టీకా లేనివారిలో వెయ్యికి పన్నెండు మందికి పైగా జబ్బుపడిన ఆ కాలంలో, టీకా ఉన్నవారిలో వెయ్యికి సుమారు ముగ్గురే జబ్బుపడ్డారు. ఈ తగ్గుదలే 77.8 శాతం. వందకు ఇరవై రెండు మంది జబ్బుపడ్డారన్న మాట ఇందులో ఎక్కడా లేదు.

పొరపాటు రెండో వైపు నుంచీ జరుగుతుంది. తీవ్రమైన కొవిడ్ విషయంలో ఇదే టీకా సమర్థత 93.4 శాతమని వచ్చింది, కానీ దాని వెనుక ఉన్నవి టీకా పొందిన వారిలో 1, పొందని వారిలో 15, మొత్తం 16 కేసులే. ఇంత తక్కువ కేసుల మీద కట్టిన శాతాన్ని ఎంత నమ్మకంతో తీసుకోవాలో పాఠకుడు తేల్చుకోవాలంటే ఆ సంఖ్యలు అతని కళ్ల ముందుండాలి. డెల్టా రకంపై సమర్థత 65.2 శాతమే కనిపించిందన్న సంగతిని బట్టి, ఏ రకం వైరస్ వ్యాపిస్తున్న రోజుల్లో కొలిచారో చెప్పడమూ అవసరమే.

కాబట్టి ఇటువంటి వార్తల్లో శాతం పక్కనే రెండు బృందాల్లో ఎందరున్నారో, వారిలో ఎందరు జబ్బుపడ్డారో, ఎంత తీవ్రతను లెక్కించారో ఒక్క వాక్యంలోనైనా తప్పక ఇవ్వవలసిందిగా మీ వైద్య విలేకరులను కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తెనాలి