శవం ముందు చందా పుస్తకం: మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

వందనాలు.

డిసెంబరు వస్తోందంటే మీ శాఖకు చేతినిండా పని. ఎల్బీ స్టేడియంలో క్రిస్మస్ విందు, నియోజకవర్గాలకు బట్టల ప్యాకెట్లు, చర్చిల జాబితాలు. ప్యాకెట్లు మీ దగ్గర పేదవాళ్ళ పేరుతోనే బయల్దేరతాయి. చర్చి గుమ్మం దాటాక అవి ఎవరి ఇంటికి వెళ్ళాలో తేల్చేది మాత్రం మా పెద్దలు. ప్రభుత్వ సొమ్ము, ప్రభుత్వ భూమి చర్చి సంఘాల చేతుల మీదుగా పేదలకు చేరాల్సిన చోట్లు రెండున్నాయి: బట్టల పంపిణీ, సమాధి తోట (క్రైస్తవ శ్మశానం). రెండుచోట్లా ముఖం చూసి బొట్టు పెట్టడమే నడుస్తోంది. ముందు సమాధి తోట సంగతి చెబుతాం. చీర రాకపోతే ఇంకో క్రిస్మస్ దాకా ఆగొచ్చు, శవం ఆగదు.

ఇంట్లో మనిషి పోగానే ఫోన్ వెళ్ళేది సంఘ పెద్దకు. పాస్టర్ గారి ఉత్తరం ఉంటేనే సమాధి తోట కమిటీ గుంత తవ్విస్తుంది. ఆ ఉత్తరం రాసే ముందు చాలాచోట్ల చందా పుస్తకం తెరుస్తారు. నెలకు వంద రూపాయల సంఘ సభ్యత్వ చందా మూడేళ్ళు ఆగిందనుకోండి, 3,600 అక్కడే తేలింది. స్థలానికి వేరు, తవ్వకానికి వేరు, గంట కొట్టినందుకు వేరు. ఇంటి ముందు ఫ్రీజర్ బాక్సు అద్దె నడుస్తూ ఉంటుంది కాబట్టి బేరమాడే వ్యవధి ఇంటివాళ్ళకు లేదు. ఆ సంగతి కమిటీకి బాగా తెలుసు. నూటికి ఐదు వడ్డీకో పది వడ్డీకో బస్తీలో అప్పు పుట్టేది ఆ పూటే. అదే బాకీ కాస్త కలిగినవాళ్ళ ఇంట్లో ఉంటే “తర్వాత చూద్దాం లెండి” అంటారు, పుస్తకం బీరువాలోనే ఉండిపోతుంది.

రేకుల షెడ్లలో నడిచే చిన్న సంఘాలవాళ్ళది మరీ అన్యాయం. వాళ్ళకు సొంత సమాధి తోట ఉండదు. పెద్ద సంఘం గేటు దగ్గర నిలబడాలి, బయటివాళ్ళ రేటు కట్టాలి.

ఖర్చవుతుంది కదా అన్నది కమిటీల మొదటి జవాబు. అది మాకూ తెలుసు. హైదరాబాద్ నేలలో చాలాచోట్ల మూడు నాలుగు అడుగులు మొరం, ఆ కింద బండ. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంత మెత్తటి నేలలో ఇద్దరు మనుషులకు ఒక పూట పని. బండ తగిలిందా, గడ్డపారతో సుత్తితో రోజంతా పడుతుంది. ఆ కూలి తవ్వినవాళ్ళకు పూర్తిగా దక్కాలి. అసలు తంటా అంతా కూలి ఎంత, స్థలానికి ఎంత, పాత బాకీ ఎంత అని విడదీసి చెప్పకపోవడంలో ఉంది. మొత్తం కలిపి తీసుకుని రసీదు మీద “సంఘాభివృద్ధి విరాళం” అని రాస్తారు. విరాళం అని రాశాక ఇక లెక్క అడిగేదేముంది?

స్థలం చాలడం లేదన్నది రెండో జవాబు. అదీ నిజమే. నారాయణగూడ, బోయిగూడ లాంటి పాత సమాధి తోటలు ఇప్పుడు ఊరి నడిబొడ్డున ఉన్నాయి, వాటికి పెరిగే దారి లేదు. అయితే ఆ కొరతకు కారణం ఎవరో కూడా చూడాలి. మట్టి సమాధిని కొన్నేళ్ళ తర్వాత తెరిచి మరొకరిని పెట్టవచ్చు. సిమెంటు గోడ కట్టి గ్రానైటు పలక పరిచి చుట్టూ గొలుసు వేసిన సమాధి ఆ ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. పైగా సన్మైకా అతికించి లోపల ప్లాస్టిక్ పరిచిన పెట్టె మట్టిలో త్వరగా కలవదు. పేదవాడు తన ఆరడుగుల చోటూ కొన్నాళ్ళకు తిరిగి ఇచ్చేస్తున్నాడు. అయినా గేటు దగ్గర ఆపేది అతని శవాన్నే.

ఈ దెబ్బ సమాధితో ఆగదు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఇంట్లోనే ప్రాణం పోయిన మనిషికి మునిసిపల్ ఆఫీసులో సమాధి తోట రసీదు అడుగుతారు. “బాకీ తీర్చాక రసీదు ఇస్తాం” అని కమిటీ అంటే మరణ ధృవీకరణ పత్రం ఆగుతుంది. అది లేనిదే వితంతు పింఛను దరఖాస్తు కదలదు, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద రావాల్సిన 20,000 కదలదు. ఏడాది దాటిందంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. చందా బాకీ ఉన్నది సంఘానికి, ఆగిపోయేది ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బు.

మా వేదం ఇలాగే చెప్పిందా అని మీకు సందేహం రావచ్చు. బైబిల్లో యాకోబు పత్రిక (యాకోబు రాసిన ఉత్తరం) రెండో అధ్యాయం తెరిచి చూడండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మురికి బట్టలవాడిని కాళ్ళ దగ్గర కూర్చోమనే సంఘాన్ని అక్కడ నిలదీశాడు. మన తెలుగు బైబిల్లో ఆ తప్పుకు వాడిన మాట “మోమాటము”, అంటే ముఖం చూసి మనిషికి విలువ కట్టడం. ఇవాళ మొహమాటం అంటే బిడియం కాబట్టి ఆ వచనం చాలామంది చెవికి తగలకుండానే పోతోంది. తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన విధవరాలి కథా అంతే. కానుకల ప్రసంగాల్లో అది తప్పక వస్తుంది. విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల (యూదుల ధర్మశాస్త్ర పండితుల) గురించి యేసు హెచ్చరించిన మాట మార్కు సువార్తలో దానికి సరిగ్గా పైనే ఉంది. దాన్ని చదవరు.

ఇక బట్టల పంపిణీ. జాబితా రాసేది పాస్టరో, ఆయన నమ్మిన ఇద్దరు ముగ్గురో. క్రమం తప్పక కానుక కవరు ఇచ్చినవాళ్ళ పేర్లు ముందు ఎక్కుతాయి. కోత పండుగకు చర్చికి వచ్చిన కానుకల వేలంలో గుమ్మడికాయను వేలకు పాడినాయన తన ఇంట్లో పనిచేసే నలుగురి పేర్లు చెబితే అవీ ఎక్కుతాయి. ఇళ్ళలో పాచిపనికి వెళ్ళి ఆదివారం ఆరాధనకు రాలేని మనిషి పేరు ఉండదు. పంపిణీ రోజు వేదిక ముందు తెల్ల టవళ్ళు కప్పిన సోఫాలు మీలాంటి పెద్దలకు, టోకెన్లు పట్టుకున్న ఆడవాళ్ళకు గోడ పక్క నీడ. మీరు రెండు గంటలు ఆలస్యమైతే వాళ్ళూ రెండు గంటలు నిలబడతారు. ఇందులో మా తప్పే ఎక్కువ, కానీ మీ తప్పు అసలు లేదనలేం.

వాళ్ళు నోరెత్తకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, ఇక్కడ బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపు) కింద ఒక్క శాతం రిజర్వేషన్‌కు వస్తాడు. దాంతో ఎంతోమంది సర్టిఫికెట్ ఒకలా, ఆరాధన ఒకలా బతుకుతున్నారు. వాళ్ళ గుట్టు పాస్టర్ దగ్గర ఉంటుంది. ఒక చీర కోసం బాప్తిస్మ పత్రం జిరాక్సు అడిగితే నిజంగా లేనివాళ్ళు వరుసలోకే రారు.

బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో సరిగ్గా ఇదే తగువు ఉంది. రోజూ పంచే ఆహారంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళను వదిలేస్తున్నారని ఫిర్యాదు. యేసు ముఖ్య శిష్యులైన అపొస్తలులు జాబితా తమ చేతుల్లో ఉంచుకోకుండా ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, అంటే ఫిర్యాదు చేసినవైపు వాళ్ళకే బాధ్యత అప్పగించినట్టు. మీరూ అదే చేయించండి. జాబితా రాసే ఐదుగురిలో ముగ్గురు కిందటేడు ప్యాకెట్ అందని ఇళ్ళవాళ్ళు ఉండాలి, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. పంపిణీకి మూడు రోజుల ముందు జాబితా చర్చి తలుపుకు అంటించాలి. బాప్తిస్మ పత్రం అడగకూడదు. ప్యాకెట్లు ఉదయమే ఇచ్చేయాలి, అతిథి వచ్చినా రాకపోయినా.

సమాధి తోటల విషయంలో కొత్త చట్టం అక్కర్లేదు. మా ఆరాధనలో వేలు పెట్టమనీ అడగడం లేదు, మత వ్యవహారాలను సొంతంగా నడుపుకునేందుకు రాజ్యాంగం 26వ అధికరణం ఇచ్చిన హక్కు మాకూ కావాలి. కానీ మతానికి అంటిపెట్టుకున్న ఆర్థిక వ్యవహారాలను నియంత్రించే వీలు 25వ అధికరణంలోనే ఉంది. పైగా ప్రభుత్వం భూమి ఇచ్చేటప్పుడు ఉత్తర్వులో షరతులు రాయడం మీ చేతిలో పని. ఆ భూమి ఏ శాఖ క్రైస్తవులకైనా తెరిచి ఉండాలి. రేషన్ కార్డు ఉన్న ఇంటికి మట్టి సమాధి స్థలం ఉచితం, తవ్వకం కూలి మాత్రం తీసుకోవాలి. చందా బాకీ ప్రస్తావన ఉత్తరంలోనూ రసీదులోనూ రాకూడదు. రసీదులో స్థలం, కూలి వేర్వేరు గడుల్లో రాసి, సమాధి పూడ్చిన రోజే కుటుంబానికి ఇవ్వాలి. పక్కా కట్టడానికి రుసుము ఎంతైనా పెట్టుకోనివ్వండి, ఆ డబ్బుతోనే కూలి కట్టలేని ఇళ్ళకు గుంతలు తవ్వించమనండి.

ఈ రేట్లన్నీ గేటు బయట బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయించాలి. లోపల ఆఫీసు గోడకు తగిలిస్తే లాభం లేదు. రాత్రి పదకొండు గంటలకు వచ్చే మనిషికి ఆఫీసు తాళం వేసి ఉంటుంది. కింద మీ శాఖ ఫోన్ నంబరు రాయించి, ఆ నంబరు రాత్రిపూట కూడా ఎత్తేలా చూడండి.

ఇట్లు,
జంట నగరాల సంఘాలలో చందా పుస్తకాలు, సమాధి రిజిస్టర్లు చూసే కొందరు సభ్యులు
హైదరాబాద్