యాప్‌లో వెతికే ముందు స్ట్రిప్పు వెనక్కి తిప్పు

అమ్మలూ,

డాక్టరు రాసిన మందుల్ని ఫోన్లో కొట్టి చూస్తున్నానన్నావు. మంచిదే, చూడు. ముందు స్ట్రిప్పు వెనక్కి తిప్పు. బ్రాండు పేరు కింద సన్నక్షరాల్లో ‘పారాసిటమాల్ టాబ్లెట్స్ ఐపీ 650 ఎంజీ’ అన్నట్టు ఉంటుంది. యాప్‌లో ఆ పేరూ, ఆ అంకే కొట్టాలి. డోలో అన్నా కాల్‌పాల్ అన్నా లోపలున్నది ఆ మందే.

బ్రాండు పేరుతో వెతికేవాళ్ళు ఆ పేరు చివరి తోక దగ్గర దెబ్బతింటారు. బీపీ మాత్ర టెల్మా 40లో ఉన్నది ఒక్క టెల్మిసార్టానే. టెల్మా ఏఎమ్‌లో దానికి అమ్లోడిపిన్ తోడవుతుంది. టెల్మా హెచ్ అయితే మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ కలుస్తుంది. సగం పేరు కొట్టి, పైన కనబడినదాన్ని నొక్కేస్తే చదివేది వేరే మందు సంగతి. ‘ప్రత్యామ్నాయం’ అని యాప్ చూపించే చవక రకాన్నీ ఇలాగే తోకతో సహా పోల్చు.

రెండు మందులు పడతాయో లేదో చూసే ఇంటరాక్షన్ చెకర్ ఉంటుంది కదా, అది నువ్వు ఎక్కించిన మందుల్నే లెక్కేస్తుంది. నీ థైరాయిడ్ మాత్ర ఎక్కించి, ‘కాల్షియం మందేంటిలే’ అని వదిలేశావనుకో, అది కిమ్మనదు. కాల్షియం గానీ ఐరన్ గానీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వవు, మధ్యలో 4 గంటలు ఎడం ఉండాలి. ఇంకోటి, నీ మాత్ర 50 ఎంసీజీ, అంటే మైక్రోగ్రాములు. ఎంజీ అని కొడితే వెయ్యి రెట్లు తేడా.

జలుబు మాత్రల్నీ ఎక్కించు. చాలావాటిలో పారాసిటమాల్ 500 ఎంజీ కలిసే ఉంటుంది. వాటితోపాటు 650 కూడా రోజుకి నాలుగేసి పడితే 4,600 ఎంజీ. పెద్దవాళ్ళకైనా రోజు మొత్తానికి 4,000 దాటితే లివర్‌కి ముప్పు.

సైడ్ ఎఫెక్ట్స్ జాబితా చూసి బెంబేలు పడకు. ‘వెరీ కామన్’ అంటే పదిమందిలో ఒకరికో అంతకన్నా ఎక్కువమందికో వచ్చేవి, ‘రేర్’ అంటే వెయ్యిమందిలో ఒక్కరికి కూడా రానివి. అది చదివి మందు మానెయ్యకు, డాక్టర్ని అడుగు. మొహం వాచినా ఊపిరాడకపోయినా మాత్రం ఫోన్లో వెతుకుతూ కూర్చోవద్దు, 108కి చెయ్యి. మందు పడకపోతే ఆ సంగతి మందుల సైడ్ ఎఫెక్ట్స్ నమోదు చేసుకునే ప్రభుత్వ నంబరు 1800-180-3024కి చెప్పొచ్చు, డబ్బులు పడవు.

2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలని రూలు. స్ట్రిప్పు మీద చోటు లేకపోతే అట్టపెట్టె మీద ఉంటుంది. స్కాన్ చేస్తే వచ్చిన బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అచ్చులో ఉన్నవాటితో కలవకపోతే వేసుకోకు, బిల్లు పట్టుకుని షాపుకెళ్ళు. ఎన్ని పూటలు వేసుకోవాలో ఆ కోడ్‌లో ఉండదు, అది డాక్టరు చీటీలోనే.

అన్నయ్యకీ చెప్పు: అమెరికా యాపుల్లో మన పారాసిటమాల్ ఎసిటమినోఫెన్ అన్న పేరుతో దొరుకుతుంది. మాత్ర రంగూ దాని మీది అక్షరాలూ కొట్టి గుర్తుపట్టే వసతి అక్కడి మాత్రలకి సరే, ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన వట్టి తెల్ల మాత్రలకి దాన్ని నమ్మొద్దు.

స్ట్రిప్పులోంచి మాత్రలు కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ అచ్చయిన కొస ఆఖర్న మిగలాలి. ఆదివారం ఫోన్ చేసేటప్పుడు నీ మందుల డబ్బా దగ్గర పెట్టుకో, ఒక్కొక్కటే పేరు చదువుదువు గాని.

నాన్న