విద్యా ఉపసంఘం వార్షిక నివేదిక: అవకాశాలు దగ్గరే ఉన్నాయి, వరస తెలియాలి

సభ్యులకు నమస్కారం.

పుస్తకాల పంపిణీ, పదో తరగతి పిల్లల సత్కారం ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి పత్రంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది ఉపసంఘం ఎక్కువగా పట్టించుకున్నది ఇంజనీరింగు, డిగ్రీ చదివే మన పిల్లల సంగతి. కాలేజీలో ఉండగా దొరికే సాయాన్ని ఉద్యోగానికో, సొంత సంస్థకో ఎలా మలచుకోవాలన్నదే నెలవారీ సమావేశాల్లో ప్రధాన చర్చ.

తార్నాకలో ఉండి అవకాశాలు దూరం అంటే ఎవరూ నమ్మరు. ఉస్మానియా గుమ్మంలోనే ఉంది. బ్లూ లైన్ మెట్రో ఎక్కితే బండి మారకుండా రాయదుర్గంలో దిగొచ్చు. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై 2022లో కొత్త భవనానికి మారిన, కొత్త సంస్థలకు చోటూ సలహా ఇచ్చే టీ-హబ్ అక్కడే ఉంది, వస్తువుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ కూడా అక్కడే. మహిళల సంస్థలకు 2018 నుంచి వీ-హబ్, జేఎన్‌టీయూ విద్యార్థులకు జె-హబ్ ఉన్నాయి. చోట్లకు కొదవ లేదు. ఏది ముందు, ఏది తరవాత అన్న దగ్గరే పిల్లలు తడబడుతున్నారు.

కంపెనీ పెట్టే తొందర

హ్యాకథాన్‌లో (గడువు పెట్టి నమూనాలు తయారుచేయించే పోటీ) బహుమతి రాగానే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేయించేయడం ఎక్కువగా కనిపించిన పొరపాటు. కనీస మూలధనం అక్కర్లేదు, ఇద్దరు డైరెక్టర్లు చాలు, పని ఆన్‌లైన్‌లో అయిపోతుంది. బరువు తరవాత తెలుస్తుంది. 30 రోజుల్లో ఆడిటర్‌ను నియమించాలి, 180 రోజుల్లో వ్యాపారం మొదలైందని ప్రకటన దాఖలు చేయాలి. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా లెక్కలు, రిటర్ను వేయాల్సిందే. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు పడుతుంది. పరీక్షల గొడవలో పడి మరిచిపోతే ఏడాది తిరిగేసరికి ఆ మొత్తం పిల్లల బహుమతి డబ్బును మింగేస్తుంది.

ఇంకో నష్టం పైకి కనిపించదు. 2021లో కేంద్రం తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో (తొలి దశ సంస్థలకు సాయం చేసే నిధి) నమూనా పనికి 20 లక్షల దాకా గ్రాంటుకు వీలు పెట్టారు. అయితే దరఖాస్తు నాటికి కంపెనీ పుట్టి 2 ఏళ్లు దాటకూడదు. రెండో సంవత్సరంలోనే కంపెనీ పెడితే, డిగ్రీ చేతికొచ్చే వేళకు ఆ గడువు కాస్తా అయిపోతుంది.

అందుకని మేం చెబుతున్న వరస ఇది. ముందు కంపెనీతో పని లేకుండా వ్యక్తి పేరునే దరఖాస్తు చేసుకోగల నిధి ప్రయాస్ లాంటి పథకం చూడండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పథకమిది, 10 లక్షల వరకూ ఇస్తారు, చేత్తో పట్టుకునే వస్తువు నమూనాకే గానీ వట్టి యాప్‌కు కాదు. నమూనా నిలబడి, కొనేవాళ్లు కనిపించాకే రిజిస్ట్రేషన్. ఆ వెంటనే కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని డీపీఐఐటీ విభాగం నుంచి స్టార్టప్‌గా గుర్తింపు, తరవాత సీడ్ ఫండ్.

కంపెనీ పెట్టే రోజునే స్నేహితుల మధ్య వాటాల ఒప్పందం కాగితం మీద ఉండాలి. ముగ్గురూ సమానంగా పంచుకున్నాక ఒకరు క్యాంపస్ ఉద్యోగంలో చేరిపోతే మూడో వంతు వాటా ఊరికే అతని దగ్గర ఉండిపోతుంది. తరవాత పెట్టుబడి పెట్టేవాళ్లు మొదట అడిగేది దాని గురించే. వాటా 4 ఏళ్లలో విడతలుగా దక్కేట్టు, మొదటి ఏడాది నిండకముందే వెళ్తే ఏమీ రానట్టు రాసుకోవడం మామూలు పద్ధతి.

ట్యాంకు మీద పరీక్ష

కాలేజీ ల్యాబులో పనిచేసినది బయట ఎందుకు మొరాయిస్తుందో తెలియడానికి మన కాలనీ ఓవర్‌హెడ్ ట్యాంకునే పిల్లలకు ఇచ్చాం. నీటి మట్టం చూపే పరికరం అందరూ చేసే ప్రాజెక్టే. చవకగా దొరికే, శబ్ద తరంగాలతో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ బకెట్ మీద చక్కగా కొలుస్తుంది. మూత పెట్టిన ట్యాంకులో ఆవిరి పట్టి తప్పుడు అంకెలు ఇస్తుంది. నీరు చొరని రకం పెడితే తేమ బాధ పోతుంది గానీ, దానికి సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపు దూరం కనిపించదు. సరిగ్గా ట్యాంకు నిండి మోటారు ఆపాల్సిన వేళకే గుడ్డిదవుతుందన్న మాట. కాబట్టి పొర్లే గొట్టానికి కనీసం ఆ ఎత్తు పైన బిగించాలి. నీళ్లు పడే పైపు పక్కన పెడితే అలలకు రీడింగు ఎగిరెగిరి పడుతుంది. హెచ్‌సీ-ఎస్ఆర్04 రీడింగును బయటికి పంపే ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది, దాన్ని అందుకునే ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు తట్టుకునేది 3.3 వోల్టులే. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో తగ్గించకపోతే బోర్డు ఇవాళ కాకపోతే రేపు పోతుంది.

ఇవన్నీ తేదీలతో నోటుబుక్కులో ఉంటే గ్రాంటు దరఖాస్తులో అదే అసలు బలం. బడ్జెట్ పట్టికలో ల్యాపుటాపు, ఫోను చేర్చకండి. సెన్సర్లు, పీసీబీ (సర్క్యూట్ పలక), డబ్బా తయారీ, పరీక్షల ఖర్చు విడివిడిగా చూపండి.

కాలేజీతో లెక్క

2019 జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం గురించి చాలా కాలేజీల్లో గుమాస్తాలకే కాదు, అధ్యాపకులకూ పూర్తిగా తెలియదు. మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు బదులు సొంత స్టార్టప్ పని చూపించుకునే వీలు, హాజరులో సడలింపు అందులో ఉన్నాయి. అయితే అది మార్గదర్శకమే, కాలేజీ దాన్ని తన నియమాల్లోకి తీసుకుంటేనే చెల్లుతుంది. అనుమతి నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోవాలి. కాలేజీ వనరులు, పేరు వాడుకుంటే మీ సంస్థలో కాలేజీ 2 నుంచి 9.5 శాతం వరకూ వాటా అడగవచ్చని అదే విధానంలో ఉంది. అడిగితే అన్యాయమని తగవు పడకండి, బదులుగా ఏమిస్తారో రాయించుకోండి.

పేటెంటు ఆలోచన ఉంటే టెక్ ఫెస్టులో చూపించకముందే, యూట్యూబులో పెట్టకముందే తాత్కాలిక దరఖాస్తు వేయాలి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్ రుసుము 1,600 రూపాయలు. పూర్తి వివరణ 12 నెలల్లో ఇవ్వాలి. ముందు బయటపెట్టి తరవాత వేస్తే కొత్తదనం పోయిందని కొట్టేసే ప్రమాదం ఉంది.

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు జట్టు సొంతంగా నమోదు చేసుకోలేదు. ముందు కాలేజీలో అంతర్గత పోటీ జరగాలి, బాధ్యుడైన అధ్యాపకుడు పేర్లు పంపాలి. ఆరుగురిలో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ఆ అధ్యాపకుడెవరో జూన్, జూలైలోనే కనుక్కోకపోతే ఆ ఏడాదికి అంతే.

ఉద్యోగాల వైపు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. ఇంటర్న్‌షిప్‌కు ఎదురు డబ్బు కట్టమంటే వద్దనండి. ఇంటెంట్ లెటర్ అంటే ఉద్యోగం ఇచ్చే ఉద్దేశం ఉందని చెప్పే కాగితమే, ఆఫర్ లెటర్ కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించవద్దు. బీఎస్సీ, బీకాం పిల్లలు కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ శిక్షణను చిన్నచూపు చూస్తున్నారు, అది పొరపాటు. స్టైపెండుతో పాటు అనుభవం సర్టిఫికెట్టు వస్తుంది.

సభ్యుల ముందుంచే తీర్మానాలు

కమ్యూనిటీ హాలు వెనక గదిని ఆదివారాలు సోల్డరింగ్ పనికి వదలాలని, అందుకు మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, అగ్నిమాపక సిలిండరు కొనాలని కోరుతున్నాం. కాలనీలోని చార్టర్డ్ అకౌంటెంట్లు, రిటైరైన శాస్త్రవేత్తలు నెలకు రెండు గంటలు ఇవ్వగలిగితే కార్యదర్శి దగ్గర పేరు రాయించండి. ట్యాంకు ఎక్కే పిల్లల వెంట పెద్దవాళ్లొకరు తప్పకుండా ఉండాలి, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.