జాబితా సరే, దాన్ని గోడకు అంటించడం ఎందుకు?

సంపాదకుడు గారికి,

ఆడపిల్లల మీద ఏదైనా ఘోరం జరిగిన ప్రతిసారీ మీ ఉత్తరాల పేజీలో ఒకే డిమాండ్ కనిపిస్తుంది. లైంగిక నేరం చేసినవాళ్ల ఫొటోలు, పేర్లు, అడ్రసులు ఇంటర్నెట్‌లో పెట్టేయండి, అమెరికాలో పెట్టట్లేదా అని. నాకూ ఇద్దరు మనవరాళ్లున్నారు, ఆ కోపం నాకు అర్థం కాక కాదు. కానీ అదే అమెరికాలో ఆ జాబితాల మీద ఇన్నేళ్లుగా కోర్టుల్లో ఎంత గొడవ నడుస్తోందో ఎవరూ రాయట్లేదు.

డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు ఇల్లు కొనేముందు ఆ వెబ్‌సైట్‌లో ఆ చుట్టుపక్కల వీధులన్నీ వెతికాడు. ఒక పేరు కనిపించింది, బేరం వదిలేసుకున్నాడు. ఆ మనిషి ఏం చేశాడురా, ఎన్నేళ్ల కిందటి సంగతి అని అడిగితే "అవన్నీ చూడలేదు పిన్నీ" అన్నాడు.

నేరం చేసిన రోజున లేని శిక్షను తర్వాత చట్టం చేసి వేయకూడదని అమెరికా రాజ్యాంగం చెబుతుంది, మన రాజ్యాంగంలో 20(1) అధికరణ చెప్పేదీ అదే. అలాస్కాలో 1994లో చట్టం తెచ్చి, అంతకుముందే శిక్ష అనుభవించి బయటికొచ్చినవాళ్ల పేర్లు కూడా ఎక్కిస్తామంటే వాళ్లు కోర్టుకెళ్లారు. 2003లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పిచ్చింది: ఇది శిక్షే కాదు, కేవలం సమాచారం, వెబ్‌సైట్ చూడటమంటే రికార్డు ఆఫీసుకెళ్లి పాత ఫైలు చూసుకోవడం లాంటిదేనని. రికార్డు ఆఫీసుకు ఎవరు పనిగట్టుకుని వెళ్తారండీ? ఫోను మాత్రం అందరి జేబులోనూ ఉంది. పైగా వీళ్లు మళ్లీ అదే నేరం చేసే ప్రమాదం భయంకరంగా ఎక్కువని ఆ తీర్పులో రాశారు. ఆ మాట అంతకు ముందు ఏడాది ఇంకో కేసులో పుట్టింది, అక్కడ 80 శాతం దాకా మళ్లీ నేరం చేస్తారని చూపించిన లెక్క మూలం వెతికితే 1986లో ఒక మామూలు పత్రికలో జైలు కౌన్సిలర్ రాసిన వ్యాసం తేలింది, దానికి ఆధారంగా ఏ సర్వే లేదు.

ఇక ఒకసారి శిక్ష కాదనిపించుకున్నాక రాష్ట్రాలు ఊరుకుంటాయా? మిషిగన్‌లో జాబితాలో ఉన్నవాళ్లు బడికి 1000 అడుగుల లోపు ఉండకూడదు, పని చేయకూడదు, ఊరికే నిలబడకూడదు అన్నారు. బండి మారినా, కొత్త ఈమెయిల్ తెరిచినా స్వయంగా వెళ్లి చెప్పాలన్నారు. 2016లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు ఇది ముమ్మాటికీ శిక్షేనని, పాత నేరాలకు వర్తించదని తేల్చింది, దీనివల్ల నేరాలు తగ్గాయనడానికి ఆధారమేదీ అని కూడా అడిగింది. నార్త్ కరోలినాలోనైతే జాబితాలో ఉన్నవాళ్లు ఫేస్‌బుక్ లాంటివి వాడకూడదని చట్టం చేశారు. అలాంటి ఒకాయన ట్రాఫిక్ చలానా కొట్టేశారని సంతోషపడి ఫేస్‌బుక్‌లో దేవుడికి దండం పెట్టుకుంటే దానికే కేసు పెట్టారు! 2017లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, ఒక్క జడ్జి కూడా కాదనలేదు. బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా 2010లో, మళ్లీ చూసే దారి లేకుండా జీవితాంతం పేరు ఉంచడం తప్పంది.

ఇదంతా మనకెందుకంటే, 2019 డిసెంబరులో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలపై ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పాస్ చేసిన దిశ బిల్లులో ఇలాంటి రిజిస్టరే ఉంది, అది ప్రజలకూ కనిపిస్తుందని అప్పటి ప్రభుత్వమే చెప్పుకుంది. ఆ బిల్లు చట్టం కాలేదు గానీ ఆ ఆలోచన ఎక్కడికీ పోలేదు. 2018లో కేంద్రం పెట్టిన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్‌లో మొదటి రోజే 4.4 లక్షల ఎంట్రీలున్నాయి, కాకపోతే అది పోలీసులకు మాత్రమే. అలా ఉంటే నాకేం అభ్యంతరం లేదు.

బయట పెట్టారనుకోండి. మన దగ్గర పోక్సో (పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో, పదిహేడేళ్ల పిల్ల ఇష్టపడి పంతొమ్మిదేళ్ల కుర్రాడితో వెళ్లిపోతే, కులం వేరని తండ్రి పెట్టిన కేసులు ఎన్నో ఉంటాయి. వాళ్లే తర్వాత పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నా ఆ అబ్బాయి ఫొటో ఆ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ఇల్లు అద్దెకివ్వరు, అతనితో పాటు ఆ అమ్మాయికీ నిలువ నీడ ఉండదు. అసలు మన రేప్ కేసుల్లో నూటికి తొంభై మందికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని కేంద్రం నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ ఏటా చెబుతూనే ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వెబ్‌సైట్ ఏం పడుతుంది? పైగా బాబాయి పేరు ఊరంతా చూసేలా పెడతారని తెలిస్తే, ఇంట్లోవాళ్లు పిల్ల నోరే నొక్కేస్తారు.

మళ్లీ ఇలాంటి బిల్లు వస్తే మీ విలేకరి ఒక్కటి కనుక్కుని రాయాలని నా మనవి. పదేళ్ల తర్వాత నా పేరు తీసేయండి అని అడగడానికి ఆ మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ