కొలను మూసిన 17 రోజుల సంగతి

మా సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

మే 6 నుంచి 22 వరకు ఈతకొలను మూసి ఉంచాం. గేటుకు కట్టిన అట్ట మీద ‘మరమ్మతు పనులు జరుగుతున్నాయి’ అని మాత్రమే రాశాను. అది చాలదని నాకు తెలుసు. సెలవుల్లో పిల్లలకు ఈత నేర్పించాలని ఏప్రిల్‌లోనే డబ్బు కట్టినవాళ్ళున్నారు. మోకాళ్ళ నొప్పులతో వేరే వ్యాయామం చేయలేక, తెల్లవారకముందే వచ్చి నడుము లోతు నీళ్ళలో నడిచే పెద్దవాళ్ళున్నారు. శ్రీకాకుళంలో పదకొండేళ్ళుగా నన్ను నమ్మి వస్తున్న మీకు జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ఫిల్టరులో వేసిన ఇసుక మంచిది కాదు. దాన్ని కొన్నది నేనే.

మన కొలను 25 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు. అంటే 2,40,000 లీటర్ల నీళ్ళు. పంపు నడుస్తున్నంతసేపూ ఆ నీళ్ళు గట్టు వెనక గదిలో ఉన్న పెద్ద పీపాలోకి వెళ్ళి, అందులోని ఇసుక గుండా వడగట్టుకుని తిరిగి వస్తుంటాయి. ఆ ఇసుక కొన్నేళ్ళకు అరిగి గుండ్రబడిపోతుంది, ఒంటి జిడ్డు, తలనూనె పట్టి గడ్డకడుతుంది. అప్పుడు తీసేసి కొత్తది పోయాలి. ఇంతకుముందు ఒకసారి మార్చాం, ఇది రెండోసారి. ఇన్నేళ్ళుగా ఇసుకా మందులూ సరఫరా చేసిన పెద్దాయన వ్యాపారం మానేయడంతో ఈసారి కొత్త దుకాణంలో కొన్నాను. 50 కిలోల బస్తాలు 20. అన్నిటి మీదా సిలికా ఇసుక అనే ముద్ర ఉంది. పైనున్న ఒక్క బస్తా విప్పి చేత్తో నలిపి చూశాను. తెల్లగా, గరుకుగా, ఒకే సైజు గింజలు. మిగతావి విప్పలేదు.

ఇక్కడే ఒక మాట దాచకూడదు. బస్తాలు పీపాలో పోస్తున్నప్పుడు, పన్నెండో పదమూడో బస్తా దగ్గర, పని చేస్తున్న అబ్బాయి ఆగి, “అమ్మా, ఇది మన ఏటి ఇసుకలా ఉందమ్మా” అన్నాడు. ఎండలో నిలబడి విసిగిపోయి ఉన్నాను. “బస్తా మీద రాసి ఉంది కదా, పొయ్యి” అన్నాను. అతను పోశాడు. ఆ రోజు అతని మాట విని ఉంటే ఈ ఉత్తరం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. అతనికి నేను విడిగా క్షమాపణ చెప్పుకున్నాను. మీకూ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

మే 4 ఉదయం పిల్లల బ్యాచ్‌లో, మునిగి అడుగును తాకి రావడం నేర్చుకుంటున్న ఒక పాప పిడికిలి బిగించుకుని పైకి వచ్చింది. “టీచరమ్మా, కింద ఏరుంది” అంది. పిడికిలి విప్పితే బూడిదరంగు ఇసుక, దాని మధ్య కాకిబంగారం తళుకు. నాగావళి ఒడ్డున పెరిగినదాన్ని. తడి గౌను మీద, కాలివేళ్ళ మధ్య ఆ తళుకు అంటించుకుని ఇంటికి వెళ్ళి అమ్మ చేత తిట్లు తిన్నదాన్ని. అది ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మిగిలిపోయిన ఒక బస్తా పంపు గదిలో ఉంటే అప్పుడే విప్పి, గుప్పెడు గాజు గ్లాసులో వేసి నీళ్ళు పోసి తిప్పాను. కడిగిన సిలికా ఇసుకైతే నీళ్ళు దాదాపు తేటగానే ఉంటాయి. ఇవి కాఫీ రంగుకు తిరిగాయి. అందులోని సన్నటి గింజలు పీపా అడుగున ఉండే గొట్టాల చీలికల్లోంచి జారి కొలనులోకి వచ్చేస్తున్నాయి. వడగట్టడానికి పెట్టిందే నీళ్ళలో మట్టి కలుపుతోంది.

మర్నాటికి నీళ్ళు మసకబారాయి. మన దగ్గర ఒక నియమం ఉందని పాతవాళ్ళకు తెలుసు. లోతు వైపు అడుగున రూపాయి నాణెం వేస్తాను, గట్టు మీద నిలబడి చూస్తే అది కనబడాలి. కనబడకపోతే ఎవరినీ దింపను. నీళ్ళలో మునిగిపోయే పిల్లలు అరవరు, చేతులు ఊపరు. చప్పుడు లేకుండా కిందికి వెళ్ళిపోతారు. నాణెం కనబడని నీళ్ళలో పాప కూడా కనబడదు. మే 5 సాయంత్రం నాణెం కనబడలేదు. ఆ రాత్రి ఎంత క్లోరిన్ వేసినా ఆ మట్టే తినేసింది. మండుటెండలు కూడా తోడై 6వ తేదీకి నీళ్ళు పాకుడు రంగుకు వచ్చాయి. గేటు మూశాను.

ఆ తర్వాత నాలుగు రాత్రులు నాకు నిద్ర లేదు. మీలో చాలామంది ఫోను చేసి అడిగిందీ ఆ విషయమే: నీళ్ళన్నీ తోడేసి, కడిగి, కొత్త నీళ్ళు పట్టొచ్చు కదా? మా వారు కూడా అదే అన్నారు. వారం రోజుల్లో పని అయిపోయేది. సెలవుల బ్యాచ్ సగమైనా దక్కేది. లెక్క నాకూ తెలుసు.

కానీ ఇంకో లెక్క కూడా వేశాను. 2,40,000 లీటర్లంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 48. మే నెలలో, మా వీధి చివర కుళాయి దగ్గర పొద్దున్నే బిందెలు వరుసగా పెట్టి ఉంటాయి. మనిషి పక్కకు వెళ్ళినా బిందె వరుసలో ఉంటుంది, ఆ బిందె ఎవరిదో అందరికీ తెలుసు. అందులో మా ఇంట్లో పని చేసే ఆమె బిందె కూడా ఉంటుంది. నా బోరు రాత్రీ పగలూ తిప్పి కొలను నింపితే చుట్టుపక్కల ఇళ్ళ బోర్లలో మట్టం పడిపోదని నేను చెప్పలేను. చచ్చిపోయిన నీళ్ళు కావవి, మురికి పట్టిన నీళ్ళు. బాగుచేయగలిగిన నీళ్ళను కాలవలోకి వదిలేసి, 48 ట్యాంకర్ల మంచి నీళ్ళు మళ్ళీ పట్టి, ఆ వరుస పక్క నుంచి నడిచి వెళ్ళడం నా వల్ల కాలేదు.

అందుకే తోడలేదు. పీపాలోని దాదాపు టన్ను ఇసుకను చేత్తో తీయించాం. అడుగున గొట్టాలు ఒక్కొక్కటీ విప్పి కడిగాం, విరిగినవి మార్చాం. ఈసారి 20 బస్తాలకు 20 బస్తాలూ విప్పించి, ప్రతి దానిలోంచి గుప్పెడు గ్లాసులో వేసి చూశాకే పోయనిచ్చాను. పటిక వేసి, పంపు ఆపి, రాత్రంతా నీళ్ళు కదలకుండా ఉంచితే మట్టి కిందికి దిగుతుంది. తెల్లవారాక గొట్టంతో అడుగు మెల్లగా పీల్చి బయటికి పంపాలి. తొందరపడి ఊడిస్తే మళ్ళీ లేచిపోతుంది. అలా ఆరుసార్లు చేశాం. పోయిన నీళ్ళ మేరకే బోరు నుంచి మళ్ళీ పట్టాం. దానివల్లే 17 రోజులు పట్టింది. మీ పిల్లల సెలవుల్లో 17 రోజులు నా వల్ల పోయాయి, అందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ అడుగుతున్నాను. నీళ్ళు తోడనందుకు మాత్రం అడగను. మళ్ళీ అలాంటి పరిస్థితి వచ్చినా అదే చేస్తాను.

మధ్యలో యంత్రాలు చూసే ఒకాయన వచ్చి, “మైలుతుత్తం వేయండి మేడం, రెండు రోజుల్లో నీలంగా మెరుస్తుంది, గేటు తెరిచేయొచ్చు” అన్నారు. మైలుతుత్తం పాకుడును చంపుతుంది, నీళ్ళకు రంగు ఇస్తుంది. క్రిములను చంపాల్సిన క్లోరిన్ పని అది చేయదు. చూడటానికి నీలంగా ఉండి లోపల మురికిగా ఉన్న నీళ్ళలోకి మీ పిల్లలను దింపమని నాకు సలహా ఇచ్చారు. ఆయన్ను మర్యాదగానే పంపేశాను.

ఇసుక అమ్మిన దుకాణానికి నాలుగుసార్లు ఫోను చేశాను, రెండుసార్లు వెళ్ళాను. గ్లాసు కూడా తీసుకువెళ్ళి చూపించాను. “ఇసుకే కదా మేడం, దానికి ఇంత గొడవా” అన్నాడు ఆ దుకాణదారు. ఆ మాట నన్ను ఇప్పటికీ కుడుతోంది. ఇరవై రెండేళ్ళు బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పని చేసి, దాచుకున్నదంతా ఈ కొలనులో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎక్కడో ఒడిశా కొండల్లో వాన పడితే, ఇక్కడ చుక్క పడకపోయినా నాగావళి పొంగుతుంది. వేసవిలో ఇసుక తోడిన గుంటలు నీళ్ళ కింద కనబడవు. ఏటి పక్క ఊళ్ళో పుట్టిన పిల్లలకు ఈత రాకపోవడం నేను చూడలేకపోయాను. అలాంటి చోట ఇసుకే కదా అంటే నేను ఊరుకోలేను. బిల్లు, మిగిలిన బస్తా రెండూ దాచాను. డబ్బు వెనక్కి వచ్చేదాకా వదలను. అది నేనూ ఆ దుకాణమూ తేల్చుకుంటాం, మీ మీద ఒక్క రూపాయి పడదు.

ఇక మీకు సంబంధించినవి. మే 23 తెల్లవారుజామున 5:30కు కొలను తెరుస్తాం. నెల చందా కట్టినవాళ్ళందరికీ 17 రోజులు కలుపుతాం. బడులు తెరిచాక రాలేమనేవాళ్ళు రసీదు తెస్తే ఆ మేరకు డబ్బు ఇచ్చేస్తాం, కారణం అడగం. ఆడవాళ్ళ బ్యాచ్ ఎప్పటిలాగే పది గంటలకు, ఆడ శిక్షకురాలితోనే.

రోజూ పొద్దున క్లోరిన్, పీహెచ్ (నీళ్ళలో ఆమ్ల, క్షార గుణాల కొలత) చూసి పలక మీద రాస్తాను. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. ఒక అపోహ కూడా పోవాలి. “మందు వాసన ఘాటుగా వస్తోంది, నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టే” అని కొందరు అంటుంటారు. అది తలకిందుల మాట. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు వచ్చే వాసన అది, కళ్ళు మండేదీ దానివల్లే. అందుకే ముందు స్నానం చేసి దిగండి అని బతిమాలుతున్నాను. తలకు నూనె రాసుకుని అలాగే దిగకండి. పాత ఇసుక తీసినప్పుడు పిడికెడు పిడికెడు గడ్డలు వచ్చాయి, ముక్కు దగ్గర పెడితే కొబ్బరినూనె వాసన. ఇంట్లో నూనె రాసుకోవద్దని నేనెలా అంటాను, ఇక్కడికి వచ్చే రోజు మాత్రం తలంటుకుని రండి.

చివరగా ఆదివారం బ్యాచ్ సంగతి. ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు ఉచితంగా నేర్పే గంట అది. ఈ నష్టం పూడేదాకా దాన్ని ఆపేసి ఆ గంట కూడా అద్దెకు ఇవ్వమని మేలు కోరేవాళ్ళే చెప్పారు. ఆపను. వాళ్ళకు పోయిన ఆదివారాలకు బదులు జూన్‌లో ఆదివారం రెండు గంటలు ఉంటుంది, 7 నుంచి 9 దాకా. ఆ సమయంలో మామూలుగా వచ్చే సభ్యులు దయచేసి సాయంత్రం రండి.

రూపాయి నాణెం గట్టు మీద స్టీలు డబ్బాలో ఉంటుంది. దిగే ముందు ఎవరైనా లోతు వైపు వేసి చూసుకోవచ్చు. కనబడకపోతే నన్ను పిలవండి, నేను పంపు గదిలోనే ఉంటాను.