మొదటి బుడగ ఎక్కడ లేస్తోందో చూడు

చిరంజీవి చెల్లాయికి అక్క దీవెనలు.

ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో, అంటే అధిక వోల్టేజీతో సూదినుంచి లాగిన సన్నని పోగులతో, నువ్వు చేసిన నీటి వడపోత పొర (మెంబ్రేన్) సగటు రంధ్రం 0.3 మైక్రాన్లేనని (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అయినా వడపోసిన నీళ్లలో ఇ.కోలి బాక్టీరియా కనబడుతోందని రాశావు. సగటును నమ్మకు. ఇ.కోలి వెడల్పు సుమారు అర మైక్రాన్. పొర మొత్తంలో ఒక్కచోట రెండు మైక్రాన్ల సందున్నా చాలు, అక్కడినుంచి జారిపోతుంది. 99.99 శాతం ఆగాయంటే గొప్పగానే ఉంటుంది గానీ, కోటి పోస్తే వెయ్యి దాటినట్టే.

అందుకే ముందు బబుల్ పాయింట్ చూడు, అంటే తడి పొరలోంచి మొదటి బుడగ లేచే గాలి పీడనం. పొరను బాగా నానబెట్టి హోల్డర్‌లో బిగించు. పైన వేలెడు నీళ్లుంచి, కిందినుంచి గాలి పీడనం మెల్లగా పెంచు. పొర ఉబ్బి చిరగకుండా పైన సన్నని స్టీలు జాలీ తప్పనిసరి. లెక్క ప్రకారం ఒక మైక్రాన్ రంధ్రం సుమారు 2.9 బార్ దగ్గర బుడగ వదులుతుంది. 0.3 బార్‌కే వచ్చిందంటే పది మైక్రాన్ల దారి ఉన్నట్టు. బుడగ అంచున లేస్తే తప్పు పొరది కాదు, అంచును బిగించే రబ్బరు ఓ-రింగ్‌ది. నడిమధ్యన లేస్తే పొరదే.

నడిమధ్య చిల్లు ఎక్కువగా పోగులు తీసే సూది కొసనుంచి రాలిన చుక్క వల్లే పడుతుంది. ఆ చుక్కలోని డీఎంఎఫ్ (పాలిమర్‌ను కరిగించే ద్రావకం) వల్ల కింది పోగులు కరిగి గుంట పడుతుంది. వెలుతురుకు అడ్డం పట్టి చూస్తే గాజుముక్కలా మెరిసే మచ్చ అదే. ద్రావణంలో పోగుల పాలిమర్ పాలీఅక్రిలోనైట్రైల్ 8-10 శాతం, సూదికి 15-20 కిలోవోల్టులు, సూదికీ పోగులు పడే పలకకూ 15 సెంటీమీటర్ల దూరం పెట్టుకుని, పంపు వేగం గంటకు ఒక మిల్లీలీటరు దాటనీయకు. ద్రావణం పలచనైతే పోగుల మీద పూసలు కడతాయి, వాటి పక్కనే సందులు మిగులుతాయి. తీశాక వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టు. డీఎంఎఫ్ విషం, తాగే నీళ్లలోకి రాకూడదు.

వైరస్‌ల సంగతి వేరు. పరీక్షలకు వాడే ఎంఎస్2 వైరస్ సుమారు 27 నానోమీటర్లే (మైక్రాన్‌లో వెయ్యో వంతు నానోమీటరు), ఈ జల్లెడకు ఆగదు. రంధ్రాలు అంత చిన్నవి చేస్తే నీళ్లు దిగడమే బాగా కష్టమవుతుంది. మామూలు నీళ్లలో చాలా వైరస్‌లకు రుణావేశం ఉంటుంది కాబట్టి పోగులకు ధనావేశమిచ్చే పాలీఇథిలీన్ ఇమిన్ పూత వేస్తే అంటుకుంటాయి. శుద్ధజలంలో వచ్చిన ఫలితం చూసి మురిసిపోకు. చెరువు నీటిలోని సేంద్రియ పదార్థం ఆ పూతను కప్పేస్తుంది, ఉప్పు పెరిగితే పట్టు సడలుతుంది.

ఇంకొకటి, ఆగిన బాక్టీరియా చావలేదు. తడి పొరను రాత్రంతా వదిలేస్తే అక్కడే పెరుగుతాయి. పొద్దున మొదట దిగిన నీటిని విడిగా పరీక్షించు.

బుడగ ఎన్ని బార్‌ల దగ్గర, ఎక్కడ లేచిందో రాయి. అమ్మానాన్నలకు నమస్కారాలు.

అక్క