శ్రీలంక రగ్బీ పర్యటన: జమా ఖర్చుల వివరణ

దాతలకు, పిల్లల తల్లిదండ్రులకు, పర్లాకిమిడి, పాతపట్నం పెద్దలకు కమిటీ తరఫున నమస్కారాలు.

దసరా సెలవుల్లో మన హైస్కూలు ఆడపిల్లల రగ్బీ జట్టు శ్రీలంక వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చిన సంగతి అందరికీ తెలుసు. దీపావళి లోపు లెక్కలు పెడతామని చెప్పాం. టికెట్ల డబ్బు వాపసు తేలాక అన్నీ ఒకేసారి పెడదామని ఆగాం. అది నేటికీ తేలలేదు. ఈలోగా "చందాలతో షికారు కొట్టొచ్చారు" అనే మాట బజారులో పుట్టి, కమిటీవాళ్ళ ఇళ్ళదాకా వచ్చి, చివరికి పిల్లల చెవిన కూడా పడింది. మమ్మల్ని ఎన్నన్నా పడతాం. రెండు నెలలు చీకటితో లేచి పరుగులు తీసిన పిల్లలు తలదించుకునే పరిస్థితి రాకూడదు. అందుకే తేలినవి, తేలనివి అన్నీ మీ ముందు పెడుతున్నాం.

ముందు జమ. పూర్వ విద్యార్థులు పంపినది 2,41,500 రూపాయలు. ఇందులో విశాఖ, హైదరాబాదు, బరంపురంలో స్థిరపడినవారి వాటాయే ఎక్కువ. వర్తకులు, మిల్లర్లు కలిసి 1,47,000. మన ఉపాధ్యాయుల ఒకరోజు జీతం 52,600. బూట్లు, జెర్సీల కోసమని పేరు చెప్పవద్దన్న ఒక దాత 40,000. పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి 38,200. పిల్లల తల్లిదండ్రుల వాటా మనిషికి 3,000 చొప్పున 36,000. బజారు డబ్బాల్లో 21,350. రథయాత్ర నాడు తల్లులు పులిహోర, గారెలు అమ్మగా మిగిలినది 18,450. మొత్తం జమ 5,95,100 రూపాయలు. ప్రతి పైసాకూ రసీదు ఉంది. ఇచ్చినవారందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాం. తల్లిదండ్రుల వాటా కోసం చీటీ పాట ముందే పాడుకున్న ఇల్లు కూడా ఉందని మాకు తర్వాత తెలిసింది.

మొత్తం ఖర్చు 6,55,300. జమకన్నా 60,200 ఎక్కువ. ఆ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో కింద చెబుతాం.

ఎవరూ అడగని ఖర్చులు త్వరగా చెప్పేస్తాం. పన్నెండుమంది పిల్లల పాస్‌పోర్టులు, అఫిడవిట్లు, పాస్‌పోర్టు కేంద్రానికి తిరుగుళ్ళు కలిపి 28,000. వీసా, ప్రయాణ బీమా 28,000. పలాసదాకా బస్సు, అక్కడ నుంచి చెన్నైకి స్లీపరు రైలు, చెన్నైలో ఒక రాత్రి బస, మళ్ళీ అదే దారిన తిరుగు ప్రయాణం 24,650. బూట్లు, మౌత్‌గార్డులు, రెండు జతల జెర్సీలు, నాలుగు బంతులు 40,800. ఈ పిల్లల్లో సగంమంది అంతవరకు వట్టి కాళ్ళతోనే ఆడారు. శ్రీలంకలో తిరిగినన్నాళ్ళూ బస్సు, డ్రైవరు 96,000. క్యాండీలో నాలుగు రాత్రులు ఆతిథ్యమిచ్చిన బడివాళ్ళు వాళ్ళ హాస్టల్లోనే ఉంచారు, పైసా తీసుకోలేదు. మిగతా మూడు రాత్రుల బస 37,800. భోజనాలు 34,600. మందులు 2,350. ఆతిథ్యమిచ్చినవారికి బహుమతిగా పట్టుకెళ్ళిన సవర చిత్రాలు 6,000. మన ఊరి కొమ్ము బొమ్మలు ఇద్దామని అందరికీ ఉండేది, కానీ కొమ్ము సరుకు విమానాశ్రయంలో ఆపుతారేమోనని మానుకున్నాం. జిరాక్సులు, ఫోన్లు వగైరా 1,900.

ఇక అడుగుతున్నవి.

మొదటిది విమానం టికెట్లు. పన్నెండుమంది పిల్లలు, కోచ్, ఒక టీచరమ్మ, మొత్తం పద్నాలుగు టికెట్లు. బృందం ధరకు ఒక్కొక్కటి 16,900 చొప్పున 2,36,600. ఆ తర్వాత ఇద్దరు పిల్లలకు మళ్ళీ కొత్త టికెట్లు 21,400 చొప్పున 42,800. "ఒకే మనిషికి రెండు టికెట్లా?" అని అడిగినవారున్నారు. జరిగింది ఇది. టికెట్లు బడి రిజిస్టరులో ఉన్న పేర్లతో తీశాం. అందులో ఒక పాప పాతపట్నం ఆసుపత్రిలో పుట్టింది. ఆమె జనన పత్రం ఆంధ్రాలో ఇచ్చారు, అందులో ఇంటిపేరు సవర. ఇక్కడ ఒడిశాలో, మన బడిలో ఒడియాలో రాసుకున్నది శబర. పాస్‌పోర్టు జనన పత్రం ప్రకారం వచ్చింది. రెండో పాపకు ఆధార్‌లో పేరు చివర "కుమారి" ఉంది, బడిలో లేదు. సరిహద్దులో బతికే మన ఇళ్ళలో ఇలాంటి తేడా లేని కాగితాలు ఎన్నుంటాయో మీకే తెలుసు. బృందం టికెట్టులో పేరు మార్చడం కుదరదని టికెట్ల ఏజెంటు చెప్పేశాడు. పాత రెండూ రద్దు చేసి కొత్తవి కొనక తప్పలేదు. ఆ ఇద్దర్నీ వదిలేసి పదిమందితో వెళ్ళమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మనవాళ్ళు ఆడే సెవెన్స్ రగ్బీలో మైదానంలో జట్టుకు ఏడుగురే ఉంటారు నిజమే. కానీ ఒకే రోజు వరసగా మ్యాచులు పడతాయి, దెబ్బలు తగులుతాయి. అన్నిటికన్నా ముందు, కాగితంలో ఒక అక్షరం తేడా వచ్చిందని పిల్లను ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళడానికి మాకెవరికీ మనసొప్పలేదు.

పాస్‌పోర్టులు చేతికొచ్చాకే టికెట్లు కొనాల్సిందని మరో మాట. లెక్క చూడండి. అప్పటికి ధర 21,400 అయింది. ఆగి కొనుంటే పద్నాలుగు టికెట్లకు 2,99,600 అయ్యేది. మేము రెండు అదనపు టికెట్లతో కలిపి కట్టినది 2,79,400. అంటే ఇప్పటికే 20,200 మిగిలింది. రద్దయిన టికెట్ల మీద రావలసిన 19,200 కూడా చేతికొస్తే మిగులు 39,400 అవుతుంది. ఆ 19,200 కోసమే ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాం. ప్రతిసారీ వచ్చే వారం అంటున్నాడు. రద్దు కాగితాలు, అతను రాసిచ్చిన రసీదు మా దగ్గరున్నాయి.

రెండోది, జట్టుతో వెళ్ళిన కమిటీ సభ్యురాలి సంగతి. ఆమె వృత్తిరీత్యా నర్సు. విమానం, వీసా, బస సొంత డబ్బుతో పెట్టుకున్నారు. భోజనం, బస్సు మాత్రం జట్టుతోపాటే. ఆడపిల్లల్ని దేశం దాటిస్తున్నాం, వెంట ఒక నర్సు ఉంటే గానీ పంపమని నాలుగిళ్ళవాళ్ళు ముందే చెప్పారు. రెండో రోజు మ్యాచులో ఒక పాప చీలమండ బెణికి వాస్తే, ఐసు పెట్టి కట్టుకట్టి, రాత్రంతా మంచం పక్కనే కూర్చున్నది ఆమే. సెలవు పెట్టుకుని, జీతం పోగొట్టుకుని వచ్చిన మనిషిని షికారుకు వెళ్ళిందనడం చాలా బాధ కలిగించింది.

ఇప్పుడు అందరూ పట్టుకున్న విషయం. "ఆడటానికి పంపితే ఏనుగుల్ని చూసొచ్చారు. గుంటలకి ఏనుగులు చూపించడానికా మా చందాలు?" అని.

ముందుగా ఒకటి. మేము పంచిన కరపత్రంలోనే మ్యాచులతోపాటు గుళ్ళు, అడవి చూపిస్తామని రాశాం. దాచి చేసినది ఏదీ లేదు. క్యాండీనే ఎందుకు ఎంచుకున్నామంటే అక్కడ బడిపిల్లల రగ్బీ మన దగ్గర క్రికెట్టంత. అక్కడి క్లబ్బు 1874 నాటిది. క్యాండీలోని ట్రినిటీ, కొలంబోలోని రాయల్ కాలేజీల మధ్య బ్రాడ్బీ షీల్డు పోటీ 1945 నుంచీ జరుగుతోంది. 2007లో భువనేశ్వర్ గిరిజన బడి కుర్రాళ్ళు లండన్ వెళ్ళి అండర్-14 కప్పు తెచ్చాక మన వైపు ఈ ఆట పేరు వినబడింది. మన పిల్లలకు అలాంటి అవకాశం ఒకటి ఇవ్వాలనుకున్నాం. ఆడినవాటిలో ఒక్కటే గెలిచారు. ఓడిన మ్యాచుల్లో కూడా ఆఖరి నిమిషందాకా టాకిల్ (బంతి పట్టుకున్నవాళ్ళను ఒడిసిపట్టి పడేయడం) వదలలేదని అక్కడి కోచ్ మెచ్చుకున్నాడు. మొదటి మ్యాచులకూ చివరి మ్యాచులకూ నడుమ పిల్లల ఒంటికి విశ్రాంతి కావాలని రెండు రోజుల ఎడం పెట్టింది ఆతిథ్యమిచ్చిన బడివాళ్ళే. ఆ రెండు రోజులూ గదిలో కూర్చోబెట్టినా అద్దె, భోజనం ఖర్చు తప్పదు.

మిన్నేరియా అడవికి మూడు జీపులు 16,200, ప్రవేశ రుసుములు, పన్నులు 30,000, మొత్తం 46,200. తక్కువేమీ కాదు, ఒప్పుకుంటాం. పిన్నవెల ఏనుగుల ఆశ్రమం చూపిస్తే చవకలో పోయేదని ఒక పెద్దాయన అన్నారు. అది మంచి చోటే. కానీ మా ఆలోచన వేరు. ఈ పిల్లల్లో కొందరు లఖారి లోయ అంచు ఊళ్ళవాళ్ళు. 2007లో ఆ వైపు నుంచే ఒక ఏనుగుల మంద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి దిగిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ పిల్లలకు ఏనుగంటే రాత్రిపూట డప్పులు, కాగడాలు, తెల్లారితే తొక్కేసిన చేను. మూడో శతాబ్దంలో మహాసేన మహారాజు కట్టించిన మిన్నేరియా చెరువులో వానలు రాక ముందు నీరు వెనక్కి తగ్గి, అంచున పచ్చిక మొలుస్తుంది. దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ అక్కడికి దిగుతాయి. మోహన వైపు పాప ఒకతె జీపులో సీటు మీద కూర్చోలేదు. ఇనుపకమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. ఒక తల్లి ఏనుగు గడ్డి పీకి, కాలికేసి కొట్టి మట్టి దులిపి తింటుంటే, కింద పిల్ల ఏనుగు అలాగే చేయబోయి మట్టంతా మీద పోసుకుంది. ఆ పాప నవ్విన నవ్వు వెనక జీపుదాకా వినబడింది. తిరిగి వస్తూ దారిలో పొలాల చుట్టూ కరెంటు కంచెలు చూసి, ఇక్కడ కూడా చేలల్లోకి వస్తాయా, నష్టపరిహారం ఎవరిస్తారు అని గైడును ఆపకుండా అడిగారు. ఈ ప్రశ్నలు వేసే పిల్లల కోసం 46,200 పెట్టినందుకు కమిటీ వెనక్కి తగ్గదు.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న దళదా మాలిగావ గుడి, పెరదేనియ మొక్కల తోట టికెట్లు 13,300. ఆ గుడి ముందున్న ఎనిమిది మూలల మండపం కట్టించిన క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు తెలుగు నాయకర్ల వంశంవాడు. 1815లో ఇంగ్లీషువాళ్ళు దించేసి వేలూరు కోటలో పెట్టారు, అక్కడే 1832లో పోయాడు. మన టీచరమ్మ చెప్పేదాకా ఈ సంగతి మాకూ తెలియదు.

చివరిది కూడగామ అనే ఊరు. దీనికి 16,300. బస్సు అదనపు దూరానికి 9,800, బియ్యం, పిల్లల నోటుపుస్తకాలకు 6,500. "పాములవాళ్ళని చూడ్డానికి అంత దూరమా" అన్న మాట మా చెవిన పడింది. తంబుత్తెగమ దగ్గరున్న ఆ ఊళ్ళో ఉండేది అహికుంటకులు. తరతరాలుగా ఆ దేశంలో ఉంటూ ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకునేవాళ్ళు. పాములాడించడం, చెయ్యి చూసి చెప్పడం వాళ్ళ పాత బతుకుతెరువు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పాఠాలు చెబుతూనే సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్న ఊరు మనది. ఈ ఊరివాళ్ళు అలాంటి జనాన్ని చులకనగా మాట్లాడటం మాకు నచ్చలేదు. ఒక ముసలమ్మ మన సవర పాప చెయ్యి పట్టుకుని, వేళ్ళకున్న టేపు విప్పి మరీ రేఖలు చూసింది. ఆమె తెలుగు సగం అర్థమై, సగం అర్థంకాక పిల్లలు ఒకరినొకరు అడుక్కున్నారు. మధ్యాహ్నం వాళ్ళే వండి పెట్టారు, డబ్బు పుచ్చుకోలేదు. సాయంత్రం ఆ ఊరి పిల్లలకు మనవాళ్ళు పాస్ విసరడం నేర్పారు. నాలుగు బంతులు కొని మూడే తెచ్చారేమని అడిగారు కదా, నాలుగోది అక్కడుంది. జట్టు కెప్టెన్ అడిగితే కోచ్ ఇచ్చేయమన్నారు. స్టాకు పుస్తకంలో అలాగే రాశాం.

ఇక లోటు 60,200. దీన్ని ముగ్గురు కమిటీ సభ్యులు వడ్డీ లేకుండా చేబదులుగా సర్దారు. అందులో ఒకరు కూతురి పెళ్ళికని దాచుకున్నది తీశారు. మాఘమాసంలో ముహూర్తం, ఈలోగా ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. ఇలా సర్దాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ప్రకటించిన చందాల్లో 74,000 నేటికీ రాలేదు. అందులో ఒక్కరిదే 25,000. వార్షికోత్సవం వేదిక మీద మైకులో చెప్పించుకుని, శాలువా కప్పించుకున్నారు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి అమ్మ మాత్రం ఎవరూ అడగకుండానే చిల్లర మూటగట్టి 500 తెచ్చిచ్చింది. పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎవరి పరువూ తీయడం మా ఉద్దేశం కాదు. కష్టం వచ్చి ఇవ్వలేనివారు ఒక మాట చెబితే చాలు, వారి పేరు కొట్టేస్తాం.

ఆ 74,000, ఏజెంటు దగ్గర నుంచి రావలసిన 19,200 వస్తే 93,200 అవుతుంది. చేబదులు తీర్చగా మిగిలే 33,000తో మైదానంలో రాళ్ళు ఏరించి, ఎర్రమట్టి పోయించాలని తల్లిదండ్రుల సమావేశంలో అనుకున్నాం.

రసీదు పుస్తకాలు, బిల్లులు, బ్యాంకు పాసుపుస్తకం ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండుదాకా బడి ఆఫీసు గదిలో కోశాధికారి దగ్గర ఉంటాయి. శ్రీలంక బిల్లులు కొన్ని సింహళంలో ఉన్నాయి, పక్కన తెలుగులో రాసి పెట్టాం. పాతపట్నం వైపు దాతల్లో రసీదు అందనివారు ఆ రోజే వచ్చి తీసుకోగలరు. రాలేకపోతే కబురు పెట్టండి, మనిషితో పంపుతాం.

ఇట్లు,
రగ్బీ జట్టు పర్యటన సహాయ కమిటీ, పర్లాకిమిడి